అమ్మమ్మకు పిల్లలెంతమంది?

బడిలో వంశవృక్షం గీసుకు రమ్మన్నారని మా చిన్నవాడు చార్టు ముందేసుకుని కూర్చున్నాడు. అమ్మకు ఫోన్ చేసి, అమ్మమ్మకు పిల్లలెంతమందని అడిగాను. "నలుగురం" అంది. కాసేపాగి, "మీ చిన్నమామకు ముందు ఇంకో పిల్ల ఉండె. కంఠసర్పితోని పోయింది. నాకప్పుడు నాలుగేండ్లు, సరిగ్గ యాదికి లేదు" అంది. పేరేంటమ్మా అంటే, చిట్టి అని పిలిచేవాళ్లట. అసలు పేరు ఎవరికీ తెలియదు.

ఫోన్ పెట్టేశాక నాకు మెనోనైట్లు గుర్తొచ్చారు. మా పాలమూరులో ఎంబీ చర్చి అందరికీ తెలుసు. ఎంబీ అంటే మెనోనైట్ బ్రదరన్ అని నాకు తెలిసింది మాత్రం పెళ్లయ్యాకే. అప్పటినుంచి వాళ్ల గురించి ఏం కనబడినా చదువుతుంటాను.

వీళ్లు 16వ శతాబ్దపు డచ్ మతగురువు మెనో సైమన్స్ అనుచరులు. ఆయుధం పట్టరు. 1789 నుంచి ప్రష్యా వదిలి ఇప్పటి ఉక్రెయిన్‌కు వలస వెళ్లారు. అక్కడా సైన్యంలో చేరాలన్న చట్టం వచ్చేసరికి 1874 ప్రాంతం నుంచి పదేళ్లలో దాదాపు 18,000 మంది అమెరికాకు, కెనడాకు ఓడలెక్కారు. రష్యాలో మిగిలినవాళ్లలోంచే ఫ్రీసెన్ దంపతులు 1889లో మన నల్గొండ దారి పట్టారు.

ఆ రోజుల్లో ఆ ఇళ్లలో పసిపిల్లల చావు అరుదేం కాదు. కంఠసర్పి వస్తే గొంతులో పొర కట్టి ఊపిరాడేది కాదు, ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు అంటుకునేది. విరుగుడు మందు 1890ల్లో గానీ రాలేదు. వాళ్లలో ఊహ తెలిశాకే బాప్తిస్మం. మిగతా చర్చిల్లో పుట్టిన కొద్దిరోజులకే ఇచ్చేవారు. మరి బాప్తిస్మం లేకుండా పోయిన బిడ్డ సంగతి? పసివాళ్లకు పాపం అంటదు, వాళ్లు దేవుడివాళ్లే అనేది వీళ్ల నమ్మకం. ఆ తల్లులకు అదెంత ఆసరా అయ్యుంటుందో!

నన్ను ఆపేసింది మాత్రం వాళ్ల లెక్క. ఇంటి బైబిల్లో బిడ్డ పుట్టిన రోజు, పోయిన రోజు రాసేవారు. పత్రికలో మరణవార్త వేస్తే ఎన్నేళ్లు, ఎన్ని నెలలు, ఎన్ని రోజులు బతికిందో వేసేవారు. ముసలావిడ పోయినా, ఆమె కన్నది ఇంతమందిని, అందులో ఇంతమంది ముందే వెళ్లారు అని రాసేవారు. పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడమూ మామూలే. ఒకే ఇంట్లో ఇద్దరు కతరీనాలు, ముగ్గురు పీటర్లు. ఇప్పుడు ఆ వంశాల వివరాలన్నీ కంప్యూటర్లో ఒకచోట చేర్చారు. దాని పేరు "గ్రాండ్మా", అంటే అమ్మమ్మే!

మనం దీనికి పూర్తిగా ఎదురు. పోయిన బిడ్డ ఊసెత్తం. తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మృత్యువు కన్ను పడకుండా పెంటయ్య అని పేరు పెడతాం. మా చిన్నమామ పెంటయ్యే. ఆ పేరుకు చిన్నప్పుడు మేమంతా నవ్వేవాళ్లం. ఆ పేరు చిట్టి వల్ల వచ్చిందని ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. మన దేశంలో పిల్లలందరికీ టీకాల కార్యక్రమం 1978లో మొదలైంది. చిట్టి అంతకు చాలా ముందే వెళ్లిపోయింది.

అమ్మకు మళ్లీ ఫోన్ చేశాను. ఎన్నేళ్లుంటాయమ్మా అప్పటికి? "నడక వచ్చిందట. మాటలు అప్పుడప్పుడే వస్తుండెనట. రెండేండ్లేమో" అంది.

"చిట్టి, సుమారు 2 ఏళ్లు" అని మావాడితో రాయించాను. చోటు చాలక ఆ కొమ్మ కాస్త వంకరగా వచ్చింది.