గరుకు సీలింగు

ఇంటి కప్పు అడుగు భాగాన్ని నున్నగా తీర్చకుండా, గింజలుగానో అలలుగానో పూలపనిగానో పైకి తేలేలా వదిలితే దాన్ని గరుకు సీలింగు అంటారు. పెయింటర్ల మాటలో ఇది ‘టెక్స్చర్’.

కప్పుకు రంగులద్దే పని తెలుగునాట గుళ్లలో ఎప్పుడో ఉంది. 16వ శతాబ్దపు లేపాక్షి వీరభద్రాలయంలో రాతి కప్పు మీద సున్నపు పూత పూసి దానిపై బొమ్మలు వేశారు. ఉబ్బెత్తు పనికి మాత్రం హైదరాబాద్ చూడాలి. 1591 నాటి చార్మినార్ మీద, సంతోష్‌నగర్‌లోని పైగా వంశీకుల సమాధుల మీద కనిపించే గచ్చుపని గానుగలో నూరిన డంగు సున్నంతో చేసినది. సున్నంలో బెల్లం, కరక్కాయ రసం, కోడిగుడ్డు సొన కలపడం పాత మేస్త్రీల పద్ధతి.

సామాన్యుల ఇళ్లకు ఈ వైభవం అంటలేదు. రంగారెడ్డి జిల్లా పల్లెల మట్టి మిద్దెల్లో తలెత్తితే దూలాలు, దంతెలు, వాటి మీద పరిచిన చెక్కలు కనిపించేవి. వంటింట్లో అవీ మసిబారి ఉండేవి. మసి కప్పుకు రంగెవరు వేస్తారు? సిమెంటు స్లాబు వచ్చాకే సీలింగుకు రంగు అవసరం పుట్టింది. సెంట్రింగ్ విప్పగానే స్లాబు అడుగున రేకుల అతుకుల గీతలు తేలతాయి. దానికి గాట్లు పెట్టి, పలచగా ప్లాస్టరింగ్ చేసి, నీలిమందు కలిపిన సున్నంతో వెల్ల వేసేవారు. తర్వాత డిస్టెంపర్, లప్పం, ఎమల్షన్ వరసగా వచ్చాయి. లప్పం వచ్చాక నునుపే గొప్పయింది.

అమెరికాలో కథ అడ్డం తిరిగింది. జిప్సం బోర్డుల అతుకులు కనబడకుండా 1950ల నుంచి గింజల పూతను స్ప్రే చేశారు. పేలాల్లా ఉంటుంది కాబట్టి ‘పాప్‌కార్న్ సీలింగ్’ అన్నారు. అందం కంటే లోపం దాచడమే దాని అసలు పని. చాలా పూతల్లో ఆస్బెస్టాస్ కలిసేది. 1978లో ఆ రకం స్ప్రే పూతలను అక్కడ నిషేధించారు. అక్కడ పాత ఇల్లు కొన్న తెలుగువాళ్లు దాన్ని గోకే ముందు పరీక్ష చేయించక తప్పదు. ఊడకుండా గట్టిగా ఉంటే, కదపకుండా మీద రంగు వేసి వదిలేయడం ఒక మార్గం.

రంగు వేయడంలోనూ మెలకువ ఉంది. తడి తగిలితే ఆ గింజలు మెత్తబడతాయి, అందుకే ఒకేచోట రోలర్ పదేపదే తిప్పకూడదు. బొచ్చు ఎక్కువున్న రోలర్ కావాలి. స్ప్రే అయితే ఇంకా మేలు. గరుకు సీలింగు నున్నటి సీలింగు కంటే రంగు ఎక్కువ తాగుతుంది. గోడల కంటే ముందు సీలింగు ముగించడం ఎక్కడైనా ఒకటే పద్ధతి.

ఇక మన దగ్గరికొస్తే, 2008 మార్చిలో హైదరాబాద్ శివార్లలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక, దాని పక్కనున్న మామిడిపల్లి చుట్టుపక్కల కడుతున్న కొత్త ఇళ్లలో పీఓపీ ఫాల్స్ సీలింగులదే జోరు. గరుకు పని హాల్లో ఒక పలకకో, టీవీ వెనక గోడకో పరిమితం. ఇది సబబే: మన దుమ్ముకు, బూజుకు గింజల కప్పు సరిపడదు, వానకు చెమ్మ దిగిన చోట అతుకు వేస్తే దాగదు.

పాత స్లాబు ఇంట్లో సీలింగుకు రంగు వేసేటప్పుడు ఫ్యాన్ కొక్కేన్ని మూసే గిన్నెను కిందికి జార్చి చూడండి. అంచున ఎమల్షన్, లోపల పెచ్చులూడిన డిస్టెంపర్, దానికింద చెయ్యి తగిలితే పొడిగా అంటుకునే లేతనీలపు సున్నం కనిపిస్తాయి.