బాణం ఆఖరి పాఠం

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవాళ్లకు మన్ననూరు అంటే ఒక చెక్‌పోస్టు. రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది, పొద్దున ఆరింటికి లేస్తుంది. మధ్యలో వచ్చిన బండ్లన్నీ మా ఊళ్లో ఆగాల్సిందే. గేటుకు అవతల నల్లమల, కృష్ణ దాకా అడవి. ఇవతల అచ్చంపేట వైపు పత్తి, వేరుశనగ చేలు. అడవికీ చేలకూ నడుమ ఊరు కాబట్టి మాకు అటు చుట్టాలూ ఉన్నారు, ఇటు చుట్టాలూ ఉన్నారు. మా నాన్న కిరాణా కొట్టుకు వచ్చేవాళ్లలో సగం మంది పెంటల నుంచి, అంటే అడవి లోపలి గూడేల నుంచి, దిగి వచ్చే చెంచులు. తేనె, తపసి జిగురు, ఉసిరికాయలు తెచ్చేవాళ్లు. ఉప్పు, మిరపకాయలు, బియ్యం పట్టుకెళ్లేవాళ్లు.

మా ప్రాంతం చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ప్రతాపరుద్రుడి కోట దగ్గర మొదలుపెట్టి, ఉమామహేశ్వరం మీదుగా శ్రీశైలం చేరుకుంటారు. రాజులూ గుళ్లూ అయ్యాక అడవి గురించి రెండు వాక్యాలు ఉంటాయి. నాకు మాత్రం ఇక్కడి అసలు చరిత్ర ఇంకోటి అనిపిస్తుంది. ఈ అడవిలో పిల్లలు ఎలా పెరిగారు, వాళ్లకు అడవిని ఎవరు, ఏ వరసలో నేర్పారు, ఆ నేర్పు ఎక్కడ తెగింది అన్నదే ఆ చరిత్ర.

మా దగ్గర వేట రెండు రకాలుగా సాగింది. ఒకటి దొరల షికారు. మన్ననూరు దాటి కొంచెం ముందుకు పోతే ఫర్హాబాద్ వస్తుంది. ఇప్పుడు పర్యాటకులు లోయను చూడటానికి ఆగే ఆ చోటు నిజాం కాలంలో షికార్‌గాహ్, అంటే వేట స్థలం. అప్పటి కట్టడాల మొండిగోడలు ఇంకా ఉన్నాయి. ఆ షికారుకు తుపాకులు కావాలి, మంచెలు కావాలి, జంతువును మాటు వైపు తోలే మనుషులు కావాలి. జాడ చెప్పేది చెంచు, తుపాకీ పేల్చేది దొర. పేల్చినవాళ్ల పేర్లు మిగిలాయి, జాడ చెప్పినవాళ్ల పేర్లు మిగలలేదు.

రెండోది పెంటల్లో సాగిన వేట. అది అన్నం కోసం. కానీ అన్నంలో దాని వాటా మనం అనుకునేంత పెద్దది కాదు. ఈ సంగతి బయటి ప్రపంచానికి వివరంగా చెప్పినవాడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. ఆస్ట్రియాకు చెందిన ఈ మానవశాస్త్రజ్ఞుడు రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో కదలికల మీద ఆంక్షలు పడ్డాయి, హైదరాబాద్ రాజ్యంలో ఉండనిచ్చారు. అలా 1940లో భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి చెంచు పెంటల్లో గడిపాడు. 1943లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది చెంచూస్’ మా అడవి మనుషుల మీద ఇప్పటికీ పెద్ద ఆధారం. చెంచుల కడుపు ప్రధానంగా నింపేది గడ్డలూ పళ్లూ ఆకులూ అనీ, మాంసం దొరకడం అరుదనీ ఆయన గమనించాడు. మా ఊళ్లో ముసలివాళ్లూ అదే చెప్పేవాళ్లు: ‘‘కూర దొరికినరోజు పండుగ. దొరకని రోజులే ఎక్కువ.’’

అంత అరుదుగా దొరికే మాంసం కోసం పిల్లల్ని అన్నేళ్లు ఎందుకు తయారుచేసేవాళ్లు? ఎందుకంటే ఆ తయారీలో వేట ఒక కొస మాత్రమే. మిగతాదంతా అడవిలో బతికే విద్య.

చెంచు పిల్లాడికి నాలుగైదేళ్లు వచ్చేసరికి తండ్రో తాతో ఒక చిన్న విల్లు చేసి ఇచ్చేవాళ్లు. వెదురు బద్ద, నార తాడు, కొన చెక్కిన పుల్ల. ఇనుప ములికి ఉండేది కాదు. ములికి మైదానంలో కమ్మరి దగ్గర తేనె ఇచ్చి తెచ్చుకునే వస్తువు, పిల్లలకు ఇచ్చేది కాదు. ఆ పుల్లతో తొండల మీదా, ఎండుకాయల మీదా గురి చూస్తూ వాడు రోజంతా గడిపేవాడు. ఆడపిల్లకు తల్లి గడ్డలు తవ్వే కర్ర చిన్నది చేసి ఇచ్చేది. తీగను పట్టి గడ్డను పోల్చడం, ఎంత లోతుకు తవ్వాలో తెలుసుకోవడం ఆమె చదువు. మగపిల్లలూ తవ్వేవాళ్లు, ఆడపిల్లలూ కుక్కలతో పరుగెత్తేవాళ్లు. మా కొట్టుకు మారేడు గడ్డలు తెచ్చే ఒక అవ్వ గడ్డను మొత్తం పీకేది కాదు. తల భాగం కోసి మళ్లీ గుంతలో పెట్టి మట్టి తొక్కేది. వెంట ఉన్న మనవరాలికి చెప్పింది ఒక్కమాటే: ‘‘మల్ల యాడాది వస్తం కద బిడ్డా.’’

నా ఈడువాడొకడు, మా బడిలో కొన్నాళ్లు చదివినవాడు, వాళ్ల తాతతో వాగు దగ్గరికి వెళ్తుంటే నేనూ వెంటపడ్డాను. తడి మట్టిలో డెక్కల గుర్తులు కనబడ్డాయి. ముసలాయన ఆగి మనవడిని చూశాడు.

‘‘ఏందిరా ఇది?’’

‘‘దుప్పి, తాతా.’’

‘‘ఎప్పటిది?’’

వాడు కూర్చుని, ముఖం నేలకు దగ్గరగా పెట్టి చూశాడు. ‘‘రాత్రిది. సాలెపురుగు మీదికెల్లి దారం తీసింది.’’

‘‘నీళ్లకు పోయిందా, తాగి వచ్చిందా?’’

వాడు తడబడ్డాడు. ముసలాయన కొంచెం అవతల, పొడి గట్టు మీద రాలిన ఆకును చూపించాడు. దాని మీద వాగు బురద అంటి ఎండి ఉంది. తాగి వచ్చినదే. మనవడు తలూపాడు, నేను నోరు తెరుచుకుని చూశాను. ఆరోజు బాణం వేసింది లేదు, వెంట తెచ్చిందీ లేదు.

నాకు తరువాత అర్థమైన వరస ఇది. ముందు పాదం, ఎండుటాకుల మీద చప్పుడు కాకుండా నడవడం. తరువాత గాలి, చిటికెడు దుమ్ము వదిలి అది ఎటు పోతుందో చూసి, మన వాసన జంతువుకు తగలని వైపు నుంచి పోవడం. ఆపైన చెవి. కొండముచ్చు చెట్టుమీద ఉలిక్కిపడి దగ్గినట్టు అరిచినా, దుప్పి ఉన్నట్టుండి గట్టిగా కూసినా కింద పులో చిరుతో నడుస్తోందని తెలుసుకోవడం. ఎలుగుబంటి ఇప్పపువ్వు కోసం ఏ వేళకు వస్తుందో గుర్తుంచుకుని ఆ వేళకు ఆ చెట్టు కిందికి పోకుండా ఉండటం. నీటి దగ్గర కదలకుండా గంటలు కూర్చోవడం. ఇవన్నీ వచ్చాక, పదేళ్లు దాటాక, ములికి ఉన్న అంబు. అది ఆఖరి పాఠం.

తేనె పాఠం దీనికి జంట. నీటి మడుగు దగ్గర తేనెటీగ నీళ్లు తాగి ఏ దిక్కుకు ఎగిరిందో పిల్లలు చూసి చెప్పాలి. వాళ్ల కళ్లు చురుకు కాబట్టి ఆ పని వాళ్లదే. కొండచరియకు వేలాడే పెరతేనె కోసం మనిషి తీగల తాడు పట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన తాడు కాసేది బావమరిది అంటారు. చెల్లెలినో అక్కనో విధవను చేసుకోడు కదా అని. కింద పొగ పెట్టడం, దూరంగా నిలబడి చూడటం పిల్లల వంతు. తాడును నమ్మడం ఎలాగో, ఎవరిని నమ్మాలో అక్కడే నేర్చుకునేవాళ్లు.

కట్టుబాట్లు కూడా పిల్లలకు వేటతోనే వచ్చేవి. అడవినీ జంతువులనూ ఏలే గారెల మైసమ్మకు ముందు ముక్క పెట్టాలి. ఆడజంతువును కొడితే ఆ తల్లికి కోపం వస్తుందని పెద్దలు చెప్పేవాళ్లు. పెద్ద జంతువు పడితే పెంటలో ఇంటింటికీ వాటా వెళ్లాలి. కొట్టినవాడు గొప్ప చెప్పుకుంటే ముసలివాళ్లు అక్కడే నోరు మూయించేవాళ్లు.

ఈ వేటకు దేవుడు కూడా దూరం కాలేదు. కృష్ణకు అవతల అహోబిలంలో సంక్రాంతి వెళ్లగానే పారువేట మొదలవుతుంది. నరసింహస్వామి పల్లకి నలభై రోజులకు పైగా ఊరూరూ తిరుగుతుంది. చెంచులక్ష్మిని పెళ్లాడిన అల్లుడిగా ఆయన్ను తలచే చెంచులు పల్లకి మీదికి బాణాలు వేసి పండుగకు నాంది పలుకుతారు. వేటను మైదానం మరిచిపోయినా గుడి మరవలేదు.

ఇక తెగిన చోటుకు వస్తాను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం, 1983లో పులుల సంరక్షణ ప్రాంతం ఏర్పడ్డాయి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు 2,611 చదరపు కిలోమీటర్లు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌గా విడివడింది. ఉడుమును పట్టినా జైలే. విల్లు భుజాన వేసుకుని మన్ననూరు బజారుకు వచ్చే చెంచును మా తరం చూసింది, మా పిల్లలు చూడలేదు. ఇందులో చట్టాన్ని తప్పుపట్టను. షికారు దొరలూ, మైదానం నుంచి వచ్చిన తుపాకులూ ఖాళీ చేసిన అడవికి ఆ చట్టం అవసరమే. ఇప్పటికీ అడవి అంచున దొంగగా పెట్టే తీగ ఉచ్చులకూ, కరెంటు తీగలకూ నేర్పు అక్కర్లేదు, ఓపిక అక్కర్లేదు. దుప్పి, పులి, పశువు, మనిషి తేడా వాటికి లేదు. వాటిని వేట అనడమే పాత చెంచుకు అవమానం.

ఆఖరి పాఠాన్ని చట్టం తీసేసింది, సరే. దాని ముందున్న పాఠాలు కూడా దానితోపాటు పోవడం మాత్రం మనం చూస్తూ జరగనిచ్చిన పని. వాటిని ఏ చట్టమూ నిషేధించలేదు. పిల్లలు హాస్టళ్లకు వెళ్లారు. వెళ్లాల్సిందే, చదువు కావాలి. లెక్క రాకపోతే కొట్టువాడు ఎలా తూకం వేస్తాడో కొట్టువాడి కొడుకుగా నాకు తెలుసు. అయితే బడి క్యాలెండరు చూడండి. జూన్‌లో తెరుస్తారు, ఏప్రిల్‌లో మూస్తారు. వానలు పడి, తడి నేల మీద అడుగులు అచ్చుగుద్దినట్టు పడే నెలల్లో, గడ్డల తీగలు పచ్చగా అల్లుకుని ఆకు చూసి గడ్డను పోల్చగలిగే నెలల్లో పిల్లలు హాస్టల్లో ఉంటారు. వేసవి సెలవులకు పెంటకు వచ్చేసరికి తీగలు ఎండి రాలిపోతాయి, నేల రాయిలా ఉంటుంది, అడవికి నిప్పు భయం. అంటే హాస్టల్లో పెరిగిన చెంచు పిల్లలకు తెలిసింది ఎండిన అడవి ఒక్కటే. పచ్చి అడవిని వాళ్లు చదవలేదు.

దీని నష్టం చెంచులది మాత్రమే అనుకుంటే పొరపాటు. ఈరోజు అమ్రాబాద్ అడవిని కాస్తున్న బేస్ క్యాంపుల్లో వాచర్లుగా, పులి జాడలు తీసేవాళ్లుగా పనిచేసేది ఎక్కువగా చెంచులే. మగపులి పంజా చతురస్రంగా, ఆడపులిది కొంచెం పొడుగ్గా పడుతుందని ఏ శిక్షణా లేకుండా చెప్పగలరు. కెమెరా ట్రాప్‌లు వచ్చాయి నిజమే. కానీ కెమెరాను ఏ బాటలో, ఏ చెట్టుకు, ఎంత ఎత్తున కట్టాలో చెప్పాల్సింది మనిషి. ఆ మనిషి నేర్చుకుంది చిన్నప్పుడు తాత వెనక నడిచి. మరో ఇరవై ఏళ్లకు ఆ ఉద్యోగానికి వచ్చే చెంచు యువకుడి దగ్గర టెన్త్ సర్టిఫికెట్ ఉంటుంది, తాత నేర్పు ఉండదు. రిజర్వ్ లోపలి పల్లెల్లో కొన్నింటిని కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీతో బయటికి తరలించే పనీ సాగుతోంది. బయటికి వచ్చిన పిల్లలకు అడవి ఇంకా దూరం.

మైదానం పిల్లల సంగతి వేరు. వాళ్లలో చాలామందికి నల్లమల పరిచయం ఏడాదికోసారి, చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతరలో. తండ్రుల భుజాల మీద, తల్లుల చేతులు పట్టుకుని లోయలోకి దిగి జలపాతం కింద తడిసి వస్తారు. మంచిదే. కానీ వేల గొంతుల కేకల్లో, బండ్ల పొగలో అడవి ఏమీ వినిపించదు. గుడికి దారి చూపేదీ, పూజ చేసేదీ చెంచులే అయినా వాళ్లు ఆ పిల్లలకు ఒక్క అడుగుజాడైనా చూపించే వీలు ఆ రద్దీలో లేదు.

ఊరివాడిగా నేను కోరేది చిన్నది. విల్లు తిరిగి రానక్కర్లేదు. మన రాష్ట్రంలో బతుకమ్మ, దసరాలకు బడులకు దాదాపు రెండు వారాల సెలవులు వస్తాయి. వానలు వెనకబట్టి, తీగలు ఇంకా పచ్చగా, వాగులు పారుతూ ఉండే కాలం అది. తంగేడు, గునుగు కోసం పిల్లలు ఎలాగూ చేల గట్ల వెంట తిరిగే రోజులు. ఆ సెలవుల్లో కొన్నిరోజులు హాస్టల్ పిల్లలు పెంటల్లో, జాడలు తీయడంలో చేయి తిరిగిన పెద్దల వెనక నడవాలి. అది సెలవుగా కాకుండా చదువుగా లెక్కకు రావాలి, నేర్పిన తాతకూ అవ్వకూ బడిపంతులుకు ఇచ్చినట్టే కూలి కట్టివ్వాలి. రిజర్వ్ నియమాలు దాటకుండా, మన్ననూరు చుట్టూ ఉన్న అంచు అడవిలోనే ఇదంతా చేయొచ్చు. మా ఊరి పిల్లలు, చెంచులు కానివాళ్లు కూడా, వెంట రావొచ్చు.

గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ కార్యాలయం మన్ననూరులోనే ఉంది. అటవీశాఖ కార్యాలయమూ, ఆశ్రమ పాఠశాలా ఇక్కడే ఉన్నాయి. నేర్పగలిగిన ముసలివాళ్లు ఇంకా కొందరు ఉన్నారు, ఏటా ఒకరిద్దరు తగ్గిపోతున్నారు. ఆ రెండు ఆఫీసులకూ బడికీ మధ్య దూరం నడిస్తే పది నిమిషాలు. ఒక కాగితం ఆ పది నిమిషాలు నడిస్తే వచ్చే దసరాకే మొదలుపెట్టొచ్చు.