వికీపీడియా రూపపరిణామము

గ్రంథాలయమునకు క్రొత్త బీరువాలు వచ్చినపుడు పాఠకుడు సంతోషించును. కాని నిత్యము చదువు గ్రంథము పూర్వస్థానమున కానరానిచో విసుగుకొనును. అంతర్జాలమున వెలసిన విజ్ఞానసర్వస్వమగు వికీపీడియా చరిత్రయందును ఇట్టిదే జరిగినది.

ఇది 2001 జనవరి 15న ఇంగ్లీషున ఆరంభమయ్యెను. దీని పోషణకై 2003లో వికీమీడియా ఫౌండేషను అను లాభాపేక్షలేని సంస్థ అమెరికాలో ఏర్పడినది. ఆ యేటి డిసెంబరులోనే తెలుగు వికీపీడియాయు జన్మించెను. యంత్రములను, వానిని నడుపు నిపుణులను సంస్థ పోషించును. వ్యాసములను మాత్రము జీతభత్యములు లేని ఔత్సాహికులు వ్రాయుదురు. భూమి ఒకరిది, సేద్యము వేరొకరిది. కావున వెబ్‌సైటు రూపమును మార్చు అధికారమెవరిదను వివాదము తప్పలేదు.

2004లో మోనోబుక్, 2010లో వెక్టర్ అను రూపములు వచ్చినవి. 2014లో, బొమ్మపై నొక్కినంతనే దానిని పెద్దదిగా చూపు మీడియా వ్యూయర్ అను సాధనమును సంస్థ ప్రవేశపెట్టెను. చూచువారికిది సుఖమే, కాని బొమ్మకు సంబంధించిన వివరములు మరుగుపడునని పలువురు ఆక్షేపించిరి. అది కోరినవారికే ఉండవలెనని జర్మన్ వికీపీడియావారు వోటుచేసి తీర్మానించిరి. ఆ తీర్మానము ననుసరించి నిర్వాహకుడొకరు దానిని నిలిపివేయగా, సంస్థ ఆగస్టులో సూపర్‌ప్రొటెక్ట్ అను తాళమును వేసి, నిర్వాహకులకు సైతము ఆ పుటను దిద్దు హక్కు లేకుండ జేసెను. నిరసన మిన్నుముట్టెను. 2015 నవంబరులో ఆ తాళము తొలగింపబడినది.

తరువాతి మార్పు వేరొక రీతిని నడచినది. 2020లో ఫ్రెంచి, హీబ్రూ మొదలగు కొన్ని భాషలవారు నూతన రూపమును ముందుగా వాడి చూచిరి. వారి అభిప్రాయములు విని దిద్దుబాట్లు చేసిన పిదప, 2023 జనవరి 18న అది ఇంగ్లీషు వికీపీడియాకు వచ్చెను. విషయసూచిక చదువుచున్నంతసేపు ప్రక్కనే నిలుచును. ఇతర భాషల జాబితా శీర్షిక చెంతకు చేరినది. అందువలన ఇంగ్లీషు వ్యాసమును చదువువారు అదే విషయము తెలుగున గలదేమో వెంటనే చూచుకొనగలరు. పంక్తుల వెడల్పు తగ్గి, ఖాళీ జాగా మిక్కుటమైనదని అప్పుడును అనేకులు కోపించిరి. అయినను వెడల్పుగా చదువగోరువారికొక మీట నుంచిరి. ఖాతా గల సభ్యులకు పాత రూపమునే ఎంచుకొను స్వేచ్ఛ నిచ్చిరి.

అందరి మెప్పును పొందు మార్పు లోకమున లేదు. అడిగి చేసినదానిపై అలుక కొన్నాళ్లకు తీరును. అడుగక చేసినది మనసున ముల్లయి నిలుచును. పదిమంది శ్రమతో నిలిచిన విద్యామందిరమునకు సున్నము వేయించు కార్యవర్గమేదైనను ఈ చరిత్రను జ్ఞప్తియందుంచుకొనుట శ్రేయస్కరము.