ప్రేవు పోయినవారికి పోషణ

మనిషి చిన్నప్రేవు పొడవు సుమారు 6 మీటర్లు. తిన్న ఆహారంలోని సారం రక్తంలో చేరేది ముఖ్యంగా ఇక్కడి నుంచే. ప్రేవు మెలిపడి రక్తం అందక కుళ్ళిపోతే ఆ భాగాన్ని కోసి తీసివేయక తప్పదు. మిగిలినది 2 మీటర్లకు తగ్గితే ఎంత తిన్నా ఒంటబట్టకపోవచ్చు. దీనినే పొట్టిప్రేవు రుగ్మత అంటారు. 1960ల మధ్య వరకు ఇట్టివారిలో అనేకులు శస్త్రచికిత్సను తట్టుకొని కూడా, పోషణ లేక కృశించి మరణించేవారు.

నోటిదారి పనికిరాకుంటే సిరల దారి ఉన్నది కదా! ఈ ఊహ పాతదే. తరువాతి కాలంలో లండనులో సెంట్ పాల్ దేవాలయాన్ని నిర్మించిన క్రిస్టఫర్ రెన్, 1656లోనే ఈకకాడతో కుక్క సిరలోకి మద్యం ఎక్కించాడు. అయితే చిక్కు వేరొకచోట ఉన్నది. 5 శాతం గ్లూకోజు ద్రావణం లీటరుకు 200 కేలరీలకు మించి ఇవ్వదు. రోజుకు 2,000 కేలరీలు కావలెనంటే 10 లీటర్లు ఎక్కించాలి. అంత నీటిని రోగి భరించలేడు. చిక్కని ద్రావణం పోద్దామంటే చేతి సిర వాచి, రక్తం గడ్డకట్టి మూసుకుపోతుంది.

స్వీడనులో ఆర్విడ్ రెట్లిండ్ సోయా నూనెను గుడ్డుసొనలోని ఫాస్ఫోలిపిడ్లతో పాలవలె కలిపి, 1960ల ఆరంభంలో సిరలకు హానిచేయని క్రొవ్వును సిద్ధం చేశాడు. అమెరికాలో స్టాన్లీ డడ్రిక్ మరొక ఉపాయం పట్టాడు. గుండె దగ్గరి పెద్దసిరలో రక్తం వడిగా పారుతుంది. అక్కడ పోసిన చిక్కని ద్రావణం క్షణంలో పలుచనవుతుంది. ఆయన ఈ పద్ధతితోనే బీగిల్ జాతి కుక్కపిల్లలను నెలల తరబడి పెంచాడు. నోట తిన్న పిల్లలకు అవి ఎదుగుదలలో తీసిపోలేదు. 1967లో ఫిలడెల్ఫియాలో, చిన్నప్రేవు దాదాపు లేకుండా పుట్టిన పసిపాపకు ఇదే ఆహారం ఇచ్చారు. పాప బరువెక్కింది, పొడవు పెరిగింది. సుమారు 22 నెలలు అలా సాకారు, చివరకు దక్కలేదు. కాని సిరద్వారా బిడ్డ ఎదగగలదని రుజువైంది.

అయినా సిరాహారాన్నే నమ్ముకోరాదు. గొట్టం వెంట క్రిములు చేరవచ్చు, కాలేయం చెడవచ్చు. పైగా నోట ఆహారం పడితేనే మిగిలిన ప్రేవులోని చూషకాలు పొడవెదిగి, పోయినదాని పనిని కొంత అందుకొంటాయి. దాహానికి ఉత్తనీరు కూడా కొందరికి చేటే: అది ప్రేవుగోడ నుంచి సోడియంను లాగి వెలుపలికి కొట్టుకుపోతుంది. గ్లూకోజు, సోడియం జంటగా లోనికి పోతాయని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రాగ్ నగరంలో ప్రతిపాదించాడు. అందుకే వారికి ఉప్పు, గ్లూకోజు తగుపాళ్ళలో కలిపిన నీటిని గుక్కగుక్కగా ఇస్తారు.