రైలు పట్టణంలో కళ్ళజోడు

నలభై ఏళ్ళు దాటిన మనిషి పుస్తకాన్ని చేతి పొడవునా దూరం జరిపి చదవడానికి ప్రయత్నించే స్థితిని తెలుగువారు చత్వారం అంటారు. సంస్కృతంలో నలభైని సూచించే చత్వారింశత్ అనే మాట దీనికి మూలం. వంగభాషలో ఇదే స్థితికి చాల్శే అని పేరు. అది కూడా నలభై అనే అర్థం గల చల్లిశ్ నుండి పుట్టినదే. తమిళులు వెళ్ళెళుత్తు, అనగా తెల్లబడిన అక్షరం, అంటారు. ఈ మూడు భాషలూ ఒకే వీధిలో వినిపించే ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో నలభయ్యవ ఏడు చాలాకాలం పాటు కంటికి ఎంత సంబంధించినదో జీతానికీ అంతే సంబంధించినది. కళ్ళజోడు చట్రాన్ని గాజుల వలె, చేతి గడియారం వలె ముఖానికీ దుస్తులకూ నప్పేటట్లు ఎంచుకోవడం నేడు సర్వసామాన్యమైపోయింది. ఈ స్వేచ్ఛ అందరికీ ఒకేమారు దక్కినది కాదనడానికి ఈ పట్టణ చరిత్రే సాక్ష్యం.

కళ్ళజోడు తొలుత అవసరంగా పుట్టి పిదప అలంకారమైనదని సాధారణంగా అనుకుంటారు. చరిత్రను పరిశీలిస్తే ఈ రెండు గుణాలూ మొదటినుండీ కలిసే ఉన్నట్లు తోస్తుంది. పదమూడవ శతాబ్ది చివరి పాదంలో ఇటలీలో ఇది రూపొందింది. 1306లో ఫ్లోరెన్సు నగరంలో జోర్డానో అనే మతగురువు ప్రసంగిస్తూ, ఈ విద్య కనుగొని ఇంకా ఇరవై ఏళ్ళయినా కాలేదని చెప్పినట్లు నమోదై ఉంది. మన దేశంలో దీని ప్రస్తావన విజయనగర కాలానికే కనిపిస్తుంది. శ్రీకృష్ణదేవరాయల గౌరవాన్ని పొందిన మధ్వాచార్య పీఠాధిపతి వ్యాసతీర్థులు కళ్ళజోడు సాయంతో గ్రంథపఠనం చేసినట్లు సోమనాథుని వ్యాసయోగిచరితం వలన తెలుస్తున్నదని పుణె పండితుడు పి.కె. గోడే 1947 ప్రాంతంలో చూపించారు. అదే శతాబ్దంలో మొగలు ఆస్థాన చిత్రకారుడు మీర్ సయ్యద్ అలీ, వృద్ధుడైన తన తండ్రి మీర్ ముసవ్విర్‌ను కళ్ళజోడుతో చిత్రించాడు. ఒకరు యతి, ఒకరు చిత్రకారుడు. ఇద్దరికీ దగ్గరి చూపే జీవనాధారం.

అలంకారం పరాకాష్ఠకు చేరిన ఉదాహరణ 2021 అక్టోబరులో లండన్‌లో వేలానికి వచ్చింది. గాజుకు బదులు ఒక జోడుకు వజ్రపు పలకలు, మరొక జోడుకు పచ్చల పలకలు పొదిగిన మొగలు కాలపు కళ్ళజోళ్ళు అవి. పలకలు పదిహేడవ శతాబ్దానివి, చట్రాలు తరువాతి కాలానివి. ఆ వజ్రం గోల్కొండ గనులలో లభించినది కావచ్చునని నిపుణుల అభిప్రాయం. వాటితో అక్షరం చదవడం మాట అటుంచి, చెడును తొలగించి జ్ఞానాన్నిచ్చే శక్తి వాటికి ఉన్నదన్న విశ్వాసంతో చేయించుకొని ఉంటారు. తెలుగు నేల రాళ్ళు అంతటి కళ్ళజోడుకు పనికి వచ్చినా, తెలుగు రైతుకు సాధారణ గాజు జోడు దొరకడానికి మరి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

వంగదేశంలో కళ్ళజోడు సామాజిక చిహ్నంగా మారినది పందొమ్మిదవ శతాబ్దంలో. బంకించంద్ర ఛటోపాధ్యాయ 1874లో వెలువడిన లోకరహస్యంలో కలకత్తా బాబును ఎగతాళి చేస్తూ, అతని అలంకారాలలో ముందుగా కళ్ళజోడునే పేర్కొన్నారు. ఆయన ప్రభుత్వోద్యోగి. 1860లో మేదినీపూర్ జిల్లాలోని నేగువాలో డిప్యూటీ మేజిస్ట్రేటుగా పనిచేశారు. ఖరగ్‌పూర్ ఆ జిల్లాలోదే. అప్పటికి అక్కడ రైలు లేదు, పట్టణమూ లేదు. కాని ఆయన గుర్తించిన భావం ఆ తరువాత రైలుతో పాటు అక్కడికి చేరింది: కళ్ళజోడు పెట్టుకున్నవాడు చదువుకున్నవాడు, చదువుకున్నవాడు కుర్చీలో కూర్చునేవాడు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఖరగ్‌పూర్‌ను కూడలిగా ఎంచుకొని, ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. బెజవాడ నుండి కటకం వరకు 1893–96 మధ్య వేసిన తూర్పు తీర రైలు మార్గంలో వాల్తేరుకు ఉత్తరంగా ఉన్న భాగం 1902లో ఇదే కంపెనీ చేతికి వచ్చింది. అంతటితో విశాఖపట్టణం, శ్రీకాకుళం ప్రాంతాల తెలుగువారికి ఖరగ్‌పూర్ పరాయి ఊరు కాకుండా పోయింది. ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా, క్రమంగా గుమాస్తాలుగా వారు అక్కడ స్థిరపడ్డారు. 1927లో వర్క్‌షాపు కార్మికులను తగ్గించే ప్రయత్నంపై జరిగిన సమ్మెకు నాయకత్వం వహించినవారిలో, తరువాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ముఖ్యులు. ఉద్యోగం పోవడమన్నది ఆ పట్టణంలో ఎంత సమీపపు భయమో ఆ సమ్మె చెప్పకనే చెబుతుంది.

ఈ భయానికి కంటితో ఉన్న బంధం సూక్ష్మమైనది. రైల్వేలు ఉద్యోగి దృష్టిని కొలవడం మొదలుపెట్టిన కథకు 1875లో స్వీడన్‌లోని లాగెర్‌లుండా వద్ద జరిగిన రైలు ప్రమాదం ముఖ్యమైన మైలురాయి. రంగులు గుర్తించలేకపోవడమే ఆ ప్రమాదానికి కారణమై ఉంటుందని భావించిన హోల్మ్‌గ్రెన్ అనే శరీరశాస్త్రజ్ఞుడు రంగు ఉన్ని దారాలతో పరీక్షను ప్రవేశపెట్టాడు. జపాన్ వైద్యుడు ఇషిహారా 1917లో చుక్కల పలకలను ప్రచురించాడు. భారతీయ రైల్వేలలో వైద్య ప్రమాణాలు ఎ, బి, సి అనే తరగతులుగా ఏర్పడ్డాయి. బండి నడిపేవారికి ఎ, యంత్రాల మధ్య జాగ్రత్త అవసరమైనవారికి బి, కార్యాలయాలకు, తక్కిన వర్క్‌షాపు పనులకు సి. ఎ-1లో ప్రవేశించాలంటే అద్దాలు లేకుండా రెండు కళ్ళకూ 6/6 చూపు ఉండాలి. సి-2లో అద్దాలతోనైనా సరిపోతుంది. అంటే ఒకే క్వార్టర్ల వరుసలో నివసించే అన్నదమ్ములిద్దరిలో, గుమాస్తాకు కళ్ళజోడు హోదా, డ్రైవరుకు అది ప్రశ్నార్థకం.

చత్వారం దూరదృష్టిని చెడగొట్టదు. సిగ్నలు స్తంభం మీది ఎరుపు, ఆకుపచ్చ దీపాలు నలభై ఐదేళ్ళ డ్రైవరుకు ఎప్పటివలెనే కనిపిస్తాయి. చిక్కు దగ్గరి వస్తువులతోనే. రాత్రివేళ ఇంజను మీద మసక దీపంలో కాషన్ ఆర్డరు చదవాలి, ఆవిరి పీడనపు ముల్లు చూడాలి, సమయ పట్టికలో నిమిషాలు వెతకాలి. బొగ్గు ధూళిలో, బాయిలరు వేడిలో అద్దం మసకబారుతుంది. జేబులోంచి జోడు తీయడమే అసౌకర్యం. దానికి తోడు, తోటివారి ముందు తీస్తే వయసును ఒప్పుకున్నట్లు. వైద్య పరీక్షలు వయసుతో పాటు దగ్గరవుతాయి. తరగతి తగ్గితే బండి మీది ఉద్యోగం పోతుంది, దానితో నడిపిన దూరాన్ని బట్టి లభించే భత్యమూ పోతుంది. ఆ భత్యం జీతంలో చిన్న భాగం కాదు. ఇటువంటి ఏర్పాటులో చూపు తగ్గిన సంగతిని దాచుకోవాలన్న ఆలోచన మనిషికి కలగడంలో వింత లేదు. దాచుకుంటే ప్రమాదం ప్రయాణికులకు, బయటపెడితే నష్టం కుటుంబానికి. నియమం భద్రత కోసమే పుట్టినా, దాని భారమంతా చిన్న ఉద్యోగి మీదనే పడిందనక తప్పదు.

ఈ స్థితి మారినది ఇటీవలి కాలంలోనే. 1995 నాటి వికలాంగుల చట్టం 47వ విభాగం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగినవారిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని నిర్దేశించింది. దాని వెలుగులో రైల్వే బోర్డు 1999లో, వైద్య తరగతి తగ్గిన సిబ్బందికి ప్రత్యామ్నాయ ఉద్యోగం కల్పించే నియమాలను సవరించింది. 2016లో వచ్చిన కొత్త చట్టమూ ఈ రక్షణను నిలిపింది. జీవనోపాధికి హామీ ఏర్పడిన తరువాతనే కళ్ళజోడు డ్రైవరు ముఖం మీద నిస్సంకోచంగా కూర్చోగలిగింది.

నేడు గోల్‌బజారులో చట్రం ఎంచుకునేవారి ముందు ఉన్న వైవిధ్యం వారి తాతలు ఊహించనిది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1785లో తన లేఖలో వివరించిన జంట అద్దం, 1959లో ఫ్రాన్సులో వెలువడిన గీత కనిపించని అద్దం, పై భాగం తెరచి ఉంచే సగపు చట్రం, సన్నని లోహపు తీగ, తాబేటి చిప్పను తలపించే సెల్యులోజు చట్రం, అన్నీ అందుబాటులో ఉన్నాయి. సగపు చట్రం గల మనిషి క్రిందికి చూసి చదువుతాడు, పైనుండి ఎదుటివారిని చూస్తాడు. ఆ చూపుకు పెద్దరికపు ఛాయ దానంతట అదే వస్తుంది. వరుసగా వ్రేలాడదీసి అమ్మే తయారు జోళ్ళు మరొక సంగతి. చవకగా, రంగురంగులుగా దొరికే వాటిలో రెండు కళ్ళకూ ఒకే శక్తి ఉంటుంది. కళ్ళు రెండూ సమానంగా లేనివారికి, వక్రదృష్టి ఉన్నవారికి ఆ అందం తలనొప్పిగా పరిణమించవచ్చు.

స్త్రీల సంగతి వేరుగా చెప్పవలసి ఉంది. బియ్యంలో రాళ్ళు ఏరడం, సూదిలో దారం ఎక్కించడం వంటి దగ్గరి పనులు ఇంటి ఆడవారివే అయినా, చదువురాని ఇల్లాలికి కళ్ళజోడు ఎందుకన్న ఆలోచన వల్ల వారి చత్వారం లెక్కలోకి రాలేదు. మనుమరాలిని పిలిచి దారం ఎక్కించమనడంతో సరిపుచ్చుకున్నారు. అస్సాం తేయాకు తోటలలో నలభై ఏళ్ళు దాటిన 751 మంది కూలీలపై జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, దగ్గరి చూపు అద్దాలు పొందినవారి ఉత్పత్తి, పొందనివారితో పోలిస్తే 21.7 శాతం అధికంగా పెరిగినట్లు తేలింది. ఆకు కోయడానికి అక్షరజ్ఞానం అక్కరలేదు, చూపు కావాలి. ఇప్పుడు రైల్వే క్వార్టర్లలోని అమ్మమ్మ మనుమరాలు ఎంచిన ఎర్ర చట్రం పెట్టుకొని ముగ్గుల పుస్తకం తిరగేస్తే అది విలాసమని ఎవరనగలరు?

బండి నడిపే విభాగంలో మాత్రం పాత కట్టుబాటు ఒకటి నేటికీ నిలిచి ఉంది. వైద్యుడు కళ్ళజోడు వ్రాసి ఇచ్చిన డ్రైవరూ, గార్డూ విధిలో ఉన్నంతసేపూ రెండు జతలు వెంట ఉంచుకోవాలని రైల్వే సాధారణ నియమావళి శాసిస్తుంది. ఒకటి పగిలినా బండి ఆగరాదన్నది ఉద్దేశం. డ్రైవరును ఇప్పుడు లోకో పైలట్ అని పిలుస్తున్నారు. అతని పెట్టెలోని రెండవ జత ముక్కు మీది మొదటి జతకు ప్రతిరూపమే కానక్కరలేదు. చూపుకు తగిన శక్తి రెండింటికీ సమానంగా ఉంటే చాలు. చట్రాల ఎంపిక అతని ఇష్టం, లేదా అతని ఇంటివారి ఇష్టం.