గొట్టంలో సమ్మెటపోటు

కుళాయి చటుక్కున కట్టేస్తే గోడలోని గొట్టం ఠప్పుమంటుంది. పరుగు మీదున్న నీటిని ఉన్నపళంగా ఆపితే దాని ఊపంతా పీడనంగా మారి గొట్టాన్ని కొడుతుంది. ఇంజనీర్లు దీన్ని వాటర్ హామర్ అంటారు. ఇంట్లో చప్పుడుతో సరిపోయే ఈ దెబ్బ, ఊరికి నీళ్లిచ్చే పెద్ద గొట్టాల్లో ఇనుమునే చీల్చేస్తుంది.

దీనికి లెక్క కట్టే ప్రయత్నం 1858లో సార్డీనియా రాజ్యపు సైనిక ఇంజనీరు మెనాబ్రియాతో మొదలైంది. గొట్టం గోడ సాగుతుందనీ, నీరు కూడా కొద్దిగా నలుగుతుందనీ ఆయన లెక్కలోకి తెచ్చాడు. 1842లో బాబేజ్ ఊహించిన గణన యంత్రం గురించి వ్యాసం రాసిందీ ఈయనే. దాన్ని ఇంగ్లీషులోకి తెస్తూ అడా లవ్‌లేస్ చేర్చిన వివరణలు కంప్యూటర్ చరిత్రలో నిలిచిపోయాయి. గొట్టంలో దెబ్బ, లెక్కలు చేసే యంత్రం: మెనాబ్రియా విడివిడిగా రాసిన ఈ రెండు సంగతులూ కలుసుకోవడానికి మరో నూరేళ్లు పట్టింది.

1897-98లో మాస్కోలోని అలెక్సేయెవ్‌స్కాయా పంపింగ్ కేంద్రంలో రష్యన్ శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ పొడవాటి గొట్టాలు పరిచి, వాల్వులు మూసి, పీడనం కొలిచాడు. నీటి సాంద్రతనూ, గొట్టంలో సాగే పీడన అల వేగాన్నీ, నీటి వేగంలో వచ్చిన మార్పునూ గుణిస్తే దెబ్బ బలం తెలుస్తుందని తేల్చాడు. ఇనుప గొట్టంలో ఆ అల సెకనుకు వెయ్యి మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. అంటే సెకనుకు 1 మీటరు వేగంతో పారే నీటిని ఒక్కసారిగా ఆపితే, 100 మీటర్లకు మించిన ఎత్తు నీటి బరువు గొట్టం మీద పడ్డట్టే. అంతకు ముందే, 1883లో, రక్తనాళాల్లో నాడి కొట్టుకునే తీరును చదువుతూ జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఫాన్ క్రీస్ ఇదే సూత్రం రాశాడు.

అయితే పీడనం పెరిగే వైపు లెక్క మాత్రమే చాలదు. వెనక్కి మళ్లిన అల పీడనాన్ని లాగేస్తుంది. మామూలు ఉష్ణోగ్రతలో ఆ పీడనం వాతావరణ పీడనంలో నలభయ్యో వంతుకు దిగిపోతే నీరు చల్లగా ఉండగానే ఆవిరవుతుంది. నీటి స్తంభం తెగి, మధ్యలో ఆవిరి బొరియ ఏర్పడుతుంది. తెగిన రెండు ముక్కలూ మళ్లీ ఢీకొన్నప్పుడు పడే దెబ్బ మొదటి దెబ్బను మించవచ్చు. 1950లో జపాన్‌లోని ఓయిగావా జలవిద్యుత్ కేంద్రంలో వాల్వు వేగంగా మూసుకుని, టర్బైన్‌కు నీరు తెచ్చే పెద్ద గొట్టం (పెన్‌స్టాక్) పగిలింది. నీరు బయటికి దూకడంతో పైభాగంలో పీడనం పడిపోయి గొట్టం లోపలికి అణిగిపోయింది. ముగ్గురు కార్మికులు చనిపోయారు.

అప్పట్లో ఈ లెక్కలు గ్రాఫు కాగితం మీద గీతలు గీసి చేసేవారు. 1960లలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో స్ట్రీటర్ బృందం వాటిని కంప్యూటర్‌కు అప్పగించింది. గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కో అడుగులో అల ఎక్కడికి చేరిందో యంత్రం చెబుతుంది. ఎక్కడైనా పీడనం ఆవిరి హద్దు కిందికి జారితే, దాన్ని ఆ హద్దులోనే నిలిపి, అక్కడ బొరియ పెరగనిస్తారు. అది పూడగానే రెండు స్తంభాలూ ఢీకొన్నట్టు. తీరు సులువైనదే కానీ, గొట్టాన్ని మరీ సన్నగా ముక్కలు చేస్తే, నిజంలో లేని పీడన శిఖరాలు లెక్కలో లేచేవి. తర్వాత ప్రతి ముక్క దగ్గరా రవ్వంత గాలి ఉన్నట్టు భావించే పద్ధతి వచ్చి ఆ గజిబిజిని చాలావరకు తగ్గించింది.

ఎత్తిపోతల పథకాలకు ఈ లెక్క ప్రాణం. కరెంటు పోతే పంపు ఆగుతుంది, పైకి వెళ్తున్న నీరు మాత్రం కాసేపు అదే ఊపుతో సాగుతుంది. ఆ నీటి వెనుక పీడనం పడిపోతుంది, తర్వాత నీరంతా వెనక్కి మళ్లుతుంది. కాళేశ్వరం పథకంలో లక్ష్మీపూర్ దగ్గర భూగర్భంలో 139 మెగావాట్ల పంపులు ఏడు ఉన్నాయి. సొరంగంలో వచ్చిన నీరు వాటిని చేరేముందు విశాలమైన సర్జ్ పూల్‌లోకి చేరుతుంది. పంపులు ఆగినా, మొదలైనా అక్కడి నీటిమట్టం లేచి, దిగి ఆ ఊపును తనలో కలుపుకుంటుంది.