మూడున్నర రూపాయల మిత్తి

పోయిన దసరాకు మా అక్క కూతురూ, దాని మొగుడూ హనుమకొండలో మా ఇంటికి వచ్చారు. పిల్ల జనగామలో టీచరు. అల్లుడికి భూపాలపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం. వారం వారం బస్సు టిక్కెట్ల మీద నడిచే సంసారం. జనగామలో ఓ చిన్న ఇల్లు చూసుకుని, ఇద్దరి పేరా కలిపి బ్యాంకు అప్పుకు అర్జీ పెట్టుకున్నారని తెలుసు. శుభవార్త చెబుతారు కదా అని గారెలు వండి పెట్టుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్ళు చెరో గోడ వైపు తిరిగి గారెలు తిన్నారు.

సంగతేమిటంటే, బ్యాంకు ఆఫీసరు కంప్యూటరు తెర వీళ్ళ వైపు తిప్పి, "ఈ బాకీల సంగతి చూసుకుని రండి" అన్నాడట. తెర మీద అల్లుడి పేర రెండు క్రెడిట్ కార్డులు, రెండు లక్షల పది వేల బాకీ. రెండేళ్ళ కిందట వాళ్ళ నాన్న ఆపరేషనుకు వాడాడు. పెళ్ళాంతో చెప్పలేదు. ఆమె కళ్ళెర్రజేసేలోగా రెండో పేజీ వచ్చింది. అందులో ఆమె పేర అరవై వేలు! ఓ సెల్‌ఫోను వాయిదాలు, పెద్దనాన్న మనవరాలి పెళ్ళికి కొన్న చీరలు. అది ఆమె అతనితో చెప్పలేదు.

"డబ్బు గురించి కాదు చిన్నమ్మా, నాకు చెప్పలేదు చూడు" అంది పిల్ల. "నాకూ చెప్పలేదు గదా అత్తమ్మా" అన్నాడు అల్లుడు.

ఇద్దరిదీ న్యాయమే. నేను తీర్పులు చెప్పేదాన్ని కాదు గాని, పాత పుస్తకాల పిచ్చి ఉన్నదాన్ని. మొగుడి అప్పు పెళ్ళాందా, పెళ్ళాం అప్పు మొగుడిదా అన్న తగువు ఈనాటిది కాదని మటుకు వాళ్ళకు చెప్పాను.

యాజ్ఞవల్క్య స్మృతిలో దీనికి సూటిగా జవాబుంది. మొగుడు చేసిన అప్పు భార్య తీర్చనక్కరలేదు. అయితే మూడు రకాల అప్పులు మాత్రం ఆమె తీర్చాలి: తీరుస్తానని తాను ఒప్పుకున్నది, మొగుడితో కలిసి చేసింది, తానే స్వయంగా చేసింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రాస్తే, దాన్ని పదమూడో శతాబ్దంలో, తిక్కన గారి కాలంలో, కేతన తెలుగు చేశాడు. అంటే ఉమ్మడి అప్పు సంగతి మన తెలుగువాళ్ళకు ఏడు వందల ఏళ్ళ కిందటే తెలుసన్నమాట. కొడుకుల గతి వేరు. తండ్రి తాగుడుకీ, జూదానికీ చేసినలాంటి అప్పులు తప్ప మిగతావి వాళ్ళు తీర్చాల్సిందే. ఆ బాధ్యతను మన చట్టం 2005లో గాని తీసెయ్యలేదు.

అదే స్మృతిలో ఇంకో ముచ్చట ఉంది. పెళ్ళాం అప్పు మొగుడు తీర్చనక్కరలేదంటూనే కొందరిని మినహాయించారు. పశువులు కాసేవాళ్ళు, కల్లు అమ్మేవాళ్ళు, నటులు, చాకళ్ళు, వేటగాళ్ళు – వీళ్ళు మాత్రం భార్యలు చేసిన అప్పు తీర్చాలి. ఎందుకంటే ఆ ఇళ్ళు ఆడవాళ్ళ కష్టం మీద నడుస్తాయి కనక! ఇది చెప్పగానే మా టీచరు పిల్ల ఆ పూట మొదటిసారి నవ్వింది. "అయితే నా అరవై వేలూ ఈయనే కట్టాలె" అంది.

శాస్త్రం ఒకటి, ఇంట్లో జరిగేది ఒకటి. మా నాన్న మానుకోటలో చిన్న గుమాస్తా. (రైలు స్టేషను బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది గాని, మా నోటికి అది ఎప్పుడూ మానుకోటే.) అక్క పెళ్ళి కుదిరినప్పుడు అమ్మ ట్రంకు పెట్టె తీస్తే నాలుగు తులాల గొలుసు లేదు. నాన్న ఎవరో స్నేహితుడికి జమానతు ఉన్నాడట. ఆ స్నేహితుడు ఊరొదిలి పోతే, గొలుసు తీసుకెళ్ళి సావుకారు దగ్గర కుదువ పెట్టాడు. అప్పటికి రెండేళ్ళయింది. భార్య సొమ్ము మొగుడు తీసుకుని తిరిగి ఇవ్వనక్కరలేని సందర్భాలు నాలుగే నాలుగని స్మృతి చెబుతుంది: కరువు, ధర్మకార్యం, జబ్బు, చెరలో పడటం. స్నేహితుడి జమానతు ఆ పట్టీలో లేదు. అమ్మకు స్మృతులు తెలియవు. ఏడవలేదు, అరవలేదు. ఒకే ఒక్క మాట అడిగింది – "ఎంత మిత్తికి పెట్టినవ్?"

"రెండు రూపాయలకు" అన్నాడు నాన్న.

కోస్తా పాఠకురాళ్ళ కోసం చెబుతున్నాను, మిత్తి అంటే వడ్డీ. రెండు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. మా వైపు ఏ ముసలమ్మయినా వేళ్ళ మీద లెక్కేసి చెబుతుంది.

ఆ రెండు రూపాయల మిత్తి ఓ రాజ్యాన్నే కుంగదీసింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో హైదరాబాదులో పామర్ కంపెనీ అని ఒక వడ్డీ వ్యాపారం వెలసింది. నిజాం సర్కారుకు, అంటే పేష్కారు చందూలాల్‌కు, అది ఏడాదికి నూటికి ఇరవై నాలుగు, ఇరవై అయిదు చొప్పున అప్పులిచ్చింది. కంపెనీలో ఒక భాగస్వామి భార్య గవర్నర్ జనరల్ పెంచిన పిల్ల. ఇక అడిగేవాడెవడు? చివరికి మెట్కాఫ్ అనే రెసిడెంటు అడిగాడు. 1823లో లెక్క తేల్చారు. ఉత్తర సర్కారు జిల్లాల కింద ఈస్టిండియా కంపెనీ నిజాముకు ఏటా 7 లక్షల పేష్కష్ కట్టేది. ఆ రాబడిని శాశ్వతంగా వదులుకుంటే 1 కోటి 16 లక్షల 66 వేల 666 రూపాయలు ఒక్కసారిగా ఇస్తామన్నారు. లెక్క కట్టి చూడండి, సరిగ్గా నూటికి ఆరు, అంటే అర్ధరూపాయి మిత్తి. రెండు రూపాయల మిత్తి అప్పు తీరింది, ఏటేటా వచ్చే రాబడి పోయింది. ఆ తర్వాతయినా సర్కారు జాగ్రత్త పడిందా అంటే, లేదు. సైన్యం ఖర్చుల బాకీ పేరుకుని, 1853లో బీరారు ప్రాంతాన్నే కంపెనీ చేతిలో పెట్టాల్సి వచ్చింది.

రాజుగారి అప్పు సంగతి అలా ఉంటే, రైతు అప్పు సంగతి ఎలా ఉంటుంది? జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉండేది. అక్కడ 'నాగు' అనే మాట వింటే పెద్దవాళ్ళు ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు దొర గడీ నుంచి ధాన్యం తెచ్చుకుని, పంట రాగానే మిత్తితో కొలవడం నాగు. కుంచెడు తెచ్చినందుకు కుంచెడున్నర కొలవాలంటే, ఆరు నెలల గడువుకు అది నెలకు ఎనిమిది రూపాయల మిత్తి పైమాటే. కొలవలేనివాడు మనిషినే కుదువ పెట్టుకునేవాడు. దాన్ని భగేలా అనేవారు. నిజాం ప్రభుత్వం 1936లోనే ఈ భగేలా ఒప్పందాలకు కట్టడి పెడుతూ చట్టం చేసింది గాని, వెట్టి నిజంగా నేరమని దేశమంతటికీ చట్టం వచ్చింది 1976లో. మగవాడు అప్పు కింద దొర పొలానికి పోతే, అతని పెళ్ళాం గడీలో ఊడవడానికీ, దంచడానికీ పోయేది. ఆమె వేలిముద్ర ఏ కాగితం మీదా లేదు. స్మృతి ప్రకారం ఆమెకు ఆ అప్పుతో సంబంధమే లేదు. అయినా తీర్చింది ఆమే.

విసునూరు దేశముఖుకు ఎదురు తిరిగి పాలకుర్తిలో తన పంట తాను ఇల్లు చేర్చుకున్న చాకలి ఐలమ్మ పేరు తెలియని ఇల్లు ఇవాళ మా వైపు లేదు. సోమనాథుడు పుట్టిన పాలకుర్తి అది. స్మృతికారుడు చాకలి ఇల్లు ఆడదాని కష్టం మీద నడుస్తుందని ఒక్క వాక్యంలో రాసి ఊరుకున్నాడు గాని, ఐలమ్మ చేసి చూపించింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగాక ఊళ్ళు ఊళ్ళే లేచాయి. 1951 అక్టోబరులో ఆగిన ఆ పోరాటంలో జనం గడీల్లోని అప్పు పత్రాలను బయటికి లాగి తగలబెట్టారు. కాగితం కాలితే అప్పు పోయే రోజులవి.

తర్వాతి కాలంలో ఆడవాళ్ళ సంతకం అప్పు కాగితం మీదికి వచ్చింది. పొదుపు సంఘాలకు బ్యాంకులు అప్పులివ్వడం 1992లో మొదలైంది. 2004 తర్వాత పావలా వడ్డీ వచ్చింది, అంటే ఏడాదికి నూటికి మూడు. పదిమందీ కలిసి సంతకం, ఒకామె కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి. మంచిగా నడిచినన్నాళ్ళు మంచిదే. వెనకాలే సూక్ష్మ రుణాల కంపెనీలు కూడా అదే పద్ధతితో ఎక్కువ వడ్డీకి ఊళ్ళలో దిగాయి. ఒకామె మూడు నాలుగు కంపెనీలకు బాకీ పడింది. ఒకరి బాకీ ఇంకొకరికి తెలియదు. వసూళ్ళ వేధింపులు మితిమీరాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఉమ్మడి సంతకం పెట్టే ముందు పక్కామె బాకీలు ఎన్నో తెలుసుకోవాలని అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఇక కార్డు కథ. మన దేశంలో బ్యాంకు కార్డులు 1980 ప్రాంతంలో వచ్చాయి. 1981లో కార్డు ఇచ్చిన ఆంధ్రా బ్యాంకు, పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన బ్యాంకే. (2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.) అప్పట్లో కార్డు గొప్పవాళ్ళ జేబులో ఉండేది. ఇప్పుడు అందరి దగ్గరా ఉంది. గడువులోగా మొత్తం కట్టేస్తే దానంత మంచి చేబదులు లేదు. కట్టకపోతేనో? చాలా కార్డులకు నెలకు మూడున్నర దాకా వడ్డీ. మా అమ్మ భాషలో మూడున్నర రూపాయల మిత్తి! పామర్ దొర నిజాం సర్కారును కూడా అంత అడగలేదు.

'కనీస మొత్తం కట్టండి చాలు' అని బిల్లు మీద ఉంటుంది చూశారా, అల్లుడు రెండేళ్ళూ ఆ మాట నమ్మాడు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. లక్ష బాకీ ఉంటే నెలకు 3,500 వడ్డీ. దాని మీద జీఎస్టీ 630. కనీస మొత్తం 5,000 కడితే, అసలులో తగ్గేది 870 రూపాయలు. మన పాత ధర్మశాస్త్రంలో దామ్‌దుపట్ అని ఒక నియమం ఉండేది – ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదని. కార్డుకు అలాంటి హద్దు లేదు. 30 శాతం దాటడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెబితే, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

ఇప్పుడు కాగితం కాల్చినా లాభం లేదు. 2005 చట్టం కింద మన అప్పుల చరిత్ర రాసి పెట్టే కంపెనీలున్నాయి. 300 నుంచి 900 దాకా మార్కులు కూడా వేస్తాయి. ఇల్లు ఇద్దరి పేరా కొంటే ఇద్దరి చరిత్రా చూస్తారు. ఒకరి మార్కులు బాగున్నా రెండోవాళ్ళవి తక్కువైతే అర్జీ అక్కడే ఆగొచ్చు. అదీగాక, కార్డు వాయిదాలు పోను మిగిలిన జీతం మీదే ఇంటి అప్పు ఎంతివ్వాలో లెక్క కడతారు. ఇంటి అప్పు ముప్పావలా మిత్తికి అటూ ఇటూగా దొరుకుతుంది. మూడున్నర రూపాయలది మెడలో వేసుకుని ముప్పావలా దాని కోసం తిరుగుతున్నారన్నమాట వీళ్ళు!

పిల్ల రెండు నెలలాగి చిట్టీ పాడుకుంది. కొంత నష్టానికే, అయినా మూడున్నర కన్నా నయం. ఆ డబ్బుతో అల్లుడి పెద్ద కార్డు తీర్చింది. అల్లుడు దీపావళి బోనసుతో ఆమె అరవై వేలు కట్టాడు. ఎవరి అప్పు వాళ్ళు తీర్చుకోకుండా ఇలా అడ్డదిడ్డంగా ఎందుకని అడిగాను. "గట్లయితేనే గుర్తుంటది అత్తమ్మా" అన్నాడు. నాకూ సబబే అనిపించింది.

రెండో కార్డు దగ్గర చిక్కొచ్చింది. ఫోనులో ఎవరో "సగం కట్టండి, సెటిల్ చేసేస్తాం" అన్నారు. అల్లుడు సంబరపడ్డాడు. నేనే ఆపాను. సగంతో తేల్చుకుంటే చరిత్రలో 'తీరింది' అని పడదు, 'సెటిల్డ్' అని పడుతుంది. అప్పిచ్చేవాడు ఆ మాటను ఎగవేతకు చెల్లెలిగానే చూస్తాడు. సంక్రాంతి దాకా ఆగి మొత్తం కట్టారు. బాకీ లేదని ఉత్తరం తీసుకున్నారు. ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే రిపోర్టు తెప్పించి చూస్తే, తీరిన కార్డు ఇంకా బాకీగానే కనబడుతోంది! ఫిర్యాదు పెట్టారు. నెల రోజుల్లో సరిచెయ్యకపోతే ఆపైన రోజుకు వంద రూపాయలు మనకే కట్టాలని రిజర్వు బ్యాంకు నియమం. సరిచేశారు.

ఉగాదికి మళ్ళీ వచ్చారు. అర్జీ మళ్ళీ పెట్టారట, బ్యాంకువాళ్ళు ఇల్లు చూసి వెళ్ళారట. పచ్చడి గిన్నె చేత్తో పట్టుకుని పిల్ల వంటింట్లోకి వచ్చింది.

"చిన్నమ్మా, అమ్మమ్మ గొలుసు విడిపించిన్రా మరి?"

"లేదే. సావుకారు అమ్ముకున్నడు. అది మీ అమ్మ పెళ్ళికి పెట్టాల్సిన గొలుసు."

"అమ్మ నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీ అమ్మకు మాత్రం ఎవరు చెప్పిన్రు? పెళ్ళయిన నాలుగేళ్ళకు తెలిసింది."